జడ ఎక్కడ ఆగాలి

శ్రోతలకు నమస్కారం.

మా అక్క జడ చివర పెట్టుకునే రబ్బరు బ్యాండును ముప్పై ఏళ్ల వయసులో రెండు చుట్లు తిప్పేది. నలభై దాటాక అది మూడు చుట్లయింది. యాభై దగ్గరపడేసరికి నాలుగు చుట్లు తిప్పినా జారిపోయేది. జడ పొడవు మాత్రం మారలేదు, అప్పుడూ ఇప్పుడూ నడుం దాకానే. ఒకరోజు అద్దం ముందు కూర్చుని, ఆ సన్నటి కొసను వేలికి చుట్టుకుంటూ నన్నడిగింది: "ఈ వయసులో ఇంత పొడుగు జడ బాగుంటుందంటావా? కత్తిరించుకోనా?"

ఆ మాటలో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి వయసు గురించి, రెండోది జుట్టు గురించి. మొదటిదాన్ని పక్కన పెట్టేయమని చెప్పాను. ఫలానా ఏడు దాటితే జుట్టు భుజాల కిందికి ఉండకూడదనే మాట ఎవరు ఎక్కడ మొదలుపెట్టారో గానీ, దానివల్ల ఎందరో ఆడవాళ్లు ఇష్టంగా పెంచుకున్న జుట్టును మనసొప్పకుండానే తీయించుకున్నారు. అరవైలోనూ ఒత్తుగా, కొసల దాకా నిండుగా ఉండే జడలు ఉన్నాయి. ముప్పై అయిదుకే పలచబడిన జుట్టూ ఉంది. జడ ఎక్కడ ఆగాలో పుట్టిన తేదీ చూస్తే తెలియదు, జుట్టును చూస్తే తెలుస్తుంది.

జుట్టు నెలకు సుమారు 1 సెంటీమీటరు, ఏడాదికి 12 నుంచి 15 సెంటీమీటర్లు పెరుగుతుంది. నడుం దాకా వేలాడే జడ చివర ఉన్న వెంట్రుక మాడు మీద మొలిచి అయిదారేళ్లయి ఉంటుంది. అన్నేళ్ల తలస్నానాలు, ఎండ, దువ్వెన పళ్లు, బిగించి కట్టిన ముడులు, అన్నీ దాని మీదుగానే పోయాయి. వెంట్రుకలో ప్రాణమున్న భాగం చర్మం లోపల కుదురు దగ్గరే ఉంటుంది. బయటికి వచ్చిన భాగం అరిగిపోతే మళ్లీ దానంతటది బాగుపడదు.

ఒక్కో వెంట్రుక రెండేళ్ల నుంచి ఆరేడేళ్ల దాకా పెరిగి, తర్వాత రెండు మూడు నెలలు ఊరకే ఉండి రాలిపోతుంది. ఆ కుదురులోంచే ఇంకొకటి మొలుస్తుంది. రోజుకు 50 నుంచి 100 దాకా రాలడం మామూలే. నడివయసులో వచ్చే మార్పు ఏమిటంటే, ఈ పెరిగే కాలం తగ్గిపోతుంది, మొలిచే వెంట్రుకా మునుపటికంటే సన్నగా మొలుస్తుంది. ముట్లు ఆగిపోయే రోజులు, అంటే చాలామందికి 45 నుంచి 55 ఏళ్ల మధ్య, ఒంట్లో ఈస్ట్రోజెన్ అనే హార్మోను తగ్గడంతో ఈ మార్పు బాగా తెలుస్తుంది. ఆరేళ్లు పెరగవలసిన వెంట్రుకలు మూడేళ్లకే రాలిపోతుంటే, నడుం దాకా చేరేవి ఎన్ని ఉంటాయి? అందుకే మెడ దగ్గర పిడికెడు జుట్టు ఉన్నా కింద ఎలుకతోకలా మిగులుతుంది.

ఇప్పుడు చిన్న పరీక్ష చెబుతాను. జుట్టు పూర్తిగా ఆరి, చిక్కు తీసి ఉండాలి. దాన్నంతా ఒక పక్కకు తెచ్చి, భుజం మీదుగా ముందుకు వేసుకోండి. మెడ దగ్గర గుప్పిట పట్టి, వేళ్లు వదలకుండా మెల్లగా కిందికి జార్చండి. మెడ దగ్గరున్న లావు సగానికి తగ్గినట్టు అనిపించే చోట ఆగండి. అక్కడిదాకానే మీ జుట్టు నిండుగా ఉన్నట్టు. ఆ కింద ఉన్నది పొడవు మాత్రమే. మా అక్కకు చేసి చూపించినప్పుడు నా వేళ్లు భుజం కింద బెత్తెడు దూరంలో ఆగిపోయాయి. అక్కడినుంచి నడుం దాకా జానెడుకు పైగా ఉన్న జుట్టు నా రెండు వేళ్ల మధ్య ఇమిడిపోయింది. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. నేనూ తొందరపెట్టలేదు. ఇన్నేళ్లు పెంచుకున్న జుట్టు, బాధ ఉండదా మరి.

ఈ పరీక్ష గరిష్ఠ పొడవును చెబుతుంది. అంతకు పైన ఎక్కడ ఆపాలన్నది ముఖాన్ని, మెడను బట్టి ఉంటుంది. కొసలు ఎక్కడ ఆగితే అక్కడ ఒక అడ్డగీత ఏర్పడుతుంది. చూసేవాళ్ల కన్ను నేరుగా ఆ గీత మీదికే పోతుంది. కాబట్టి మీకు మీలో ఏది బాగుందనిపిస్తుందో, గీత అక్కడ పడేలా చూసుకోవాలి. కళ్లు బాగుంటే ముంగురులు కనుబొమల దగ్గర, మెడ బాగుంటే దవడకు పైన.

దవడ దగ్గర ఆగే బాబ్ కట్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. నడివయసులో ఎక్కువమందికి మొదట చూపించే పొడవు అదే, ఎక్కువమందిని నిరాశపరిచేదీ అదే. వయసుతో పాటు దవడ గీత పదును తగ్గుతుంది, చెంపల కిందిభాగం కొద్దిగా బరువెక్కుతుంది, కణతల దగ్గర మాత్రం ముఖం లోతుకు పోతుంది. సరిగ్గా దవడ ఎముక మీద జుట్టు ఆగితే ఆ బరువునే ఎత్తి చూపినట్టవుతుంది. అదే కట్‌ను రెండు వేళ్ల వెడల్పు పైకి, అంటే పెదవుల ఎత్తుకు తెచ్చినా, లేదా గడ్డం కిందికి రెండు అంగుళాలు దింపినా ముఖం తేలిగ్గా కనిపిస్తుంది. రెండు వేళ్ల తేడాతో ఇంత మారుతుందా అనిపిస్తుంది. కత్తిరించుకోకముందే చూసుకోవచ్చు: అద్దం ముందు జుట్టును మడిచి పిన్నులు పెట్టి, ఒకసారి దవడ దగ్గర, ఒకసారి దాని కింద ఆపి చూడండి.

భుజాన్ని తాకే పొడవుతోనూ జాగ్రత్త. కొసలు భుజానికి తగిలి బయటికి తిరిగిపోతాయి. పొద్దున ఎంత సర్దినా మధ్యాహ్నానికి ఒక పక్క లోపలికి, ఇంకో పక్క బయటికి. భుజానికి రెండు వేళ్లు పైన గానీ, మూడు వేళ్లు కింద గానీ ఆపితే ఈ తిప్పలు ఉండవు.

నన్నడిగితే, ఏమీ తోచనివాళ్లు మొదట ప్రయత్నించవలసిన పొడవు ఒకటుంది. గొంతు కింద రెండు పక్కలా అడ్డంగా ఎముకలు కనిపిస్తాయి కదా, వాటిని దాటి ఒక అంగుళం. ఆ ఎముకల అడ్డగీతకు జుట్టు గీత తోడై మెడ పొడవుగా అనిపిస్తుంది. ముడి వేసుకోవచ్చు, క్లిప్పు పెట్టుకోవచ్చు, వదిలేయవచ్చు. నచ్చకపోతే ఇంకా పొట్టి చేయడానికి చోటుంటుంది. ఒక్కసారిగా గడ్డం దాకా తీసేసి బాధపడితే, మళ్లీ ఇక్కడికి రావడానికి దాదాపు ఏడాది పడుతుంది.

చాలా పొట్టి కట్ ఇష్టపడేవాళ్లు 2.25 అంగుళాల లెక్క విని ఉండవచ్చు. గడ్డం కింద ఒక పెన్సిలు అడ్డంగా పట్టుకుని, చెవి తమ్మె నుంచి పెన్సిలు దాకా స్కేలుతో నిలువుగా కొలుస్తారు. 2.25 అంగుళాలకు, అంటే సుమారు 5.7 సెంటీమీటర్లకు తక్కువైతే పొట్టి జుట్టు నప్పుతుందని, ఎక్కువైతే పొడవు జుట్టు మేలని అంటారు. దవడ వాలు ఎంతో ఇది బాగానే చెబుతుంది, కానీ జుట్టు ఒత్తుగా ఉందా, పలచగా ఉందా అన్న సంగతి దానికి తెలియదు. కొలిచి చూసుకోండి, దాని మాటే ఆఖరు అనుకోకండి.

పలచటి జుట్టుకు ఇంకో మాట. పొడవు పెరిగేకొద్దీ బరువు పెరిగి నడినెత్తిన జుట్టు మాడుకు అంటుకుపోతుంది, పాపిడి వెడల్పుగా కనిపిస్తుంది. కొంత తీసేస్తే అక్కడ జుట్టు తేలికై పైకి లేస్తుంది. కానీ పలచటి జుట్టుకు లేయర్లు, అంటే పైన పొట్టిగా కింద పొడుగ్గా మెట్లు మెట్లుగా కోయడం, ఎక్కువ పెట్టించుకోవద్దు. కొసలు దారాలు దారాలుగా విడిపోయి ఉన్నది ఇంకా తక్కువగా కనిపిస్తుంది. కింద సమంగా కోస్తేనే నిండుగా ఉంటుంది. ఒత్తుగా, లావుగా ఉన్న జుట్టుకు లేయర్లు మేలు, బరువు తగ్గుతుంది. ఉంగరాల జుట్టును తడిపి కోస్తే మాత్రం మోసపోతాం. తడిసిన జుట్టు సాగుతుంది, ఆరాక ఉంగరాలు తిరిగి పైకి పోతుంది. కావలసిన పొడవు కంటే కిందే ఆపమని, వీలైతే ఆరిన జుట్టు మీదే కోయమని ముందే చెప్పాలి. నెరిసిన వెంట్రుకలు కొందరికి బిరుసుగా, మెరుపు లేకుండా ఉంటాయి. వాటికి కొసలు పొందికగా ఉంటేనే అందం.

కత్తిరిస్తే ఒత్తుగా పెరుగుతుందన్నది నిజం కాదు. పెరుగుదల కుదుళ్లలో ఉంది, కత్తెర అక్కడికి వెళ్లదు. అరిగిన కొస పోయి కొత్తగా కోసిన కొస మొద్దుగా తగులుతుంది కాబట్టి అలా అనిపిస్తుంది, అంతే.

ఒక ముఖ్యమైన జాగ్రత్త. పెద్ద జ్వరం, ఆపరేషన్, తీవ్రమైన మనోవేదన తర్వాత రెండు మూడు నెలలకు జుట్టు గుప్పెళ్లుగా రాలవచ్చు. ఇనుము తగ్గినా, థైరాయిడ్ తేడా చేసినా రాలుతుంది. అలా ఉన్నట్టుండి మొదలైతే ముందు డాక్టరును కలవండి, రక్తపరీక్ష చేయించుకోండి. కారణం తెలిసి మందు వాడితే చాలాసార్లు జుట్టు తిరిగి వస్తుంది. ఆ భయంలో తీసుకునే నిర్ణయం మంచిది కాదు, పొడవు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఇక రోజువారీ సంగతి. చాలా పొట్టి కట్ రూపు నిలవాలంటే నాలుగు నుంచి ఆరు వారాలకోసారి సరిచేయించుకోవాలి. బాబ్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాలు. భుజాల కింది జుట్టు మూడు నెలలు ఆగుతుంది. పొట్టి జుట్టుకు పని తక్కువ అనుకుని వెళ్లినవాళ్లకు ఈ లెక్క ముందే తెలియాలి.

చేతుల సంగతీ ఉంది. భుజం పట్టేయడం 40 నుంచి 60 ఏళ్ల మధ్యనే ఎక్కువ, మగవాళ్లకంటే ఆడవాళ్లకే ఎక్కువ. ఎత్తిన చెయ్యి చెవి దాటదు, వెనక్కి అసలే పోదు. మా అక్క జడ మూడు పాయలు వేయడానికి ఆ ఏడాది ఎవరో ఒకరి కోసం ఎదురుచూసేది. ఆమె పెదవి విప్పి చెప్పలేదు గానీ, కత్తిరించుకోవాలన్న ఆలోచనకు సగం కారణం అదేనని నాకు తర్వాత అర్థమైంది.

సెలూన్‌కు నేనూ వెళ్లాను. "ఎంత తీయమంటారు?" అని అడిగిన అమ్మాయికి అక్క అంగుళాల్లో చెప్పలేదు. తన వేలు పెట్టి చోటు చూపించింది. మేం అనుకున్న చోటుకు రెండు వేళ్లు కిందే చూపించింది. అది మంచి పని. కాలు మీద కాలు వేసుకుంటే భుజాలు ఒరిగి కొసలు వంకరగా వస్తాయి కనుక, పాదాలు రెండూ ఆనించి నిటారుగా కూర్చుంది. ముందు జడగా అల్లి, పైనా కిందా బ్యాండ్లు పెట్టి కోయమంది. చేతికి వచ్చిన ఆ జడను ఒళ్లో పెట్టుకుని మిగతా పని అయ్యేదాకా దాని మీదే చెయ్యి ఉంచింది. చివర చిన్న అద్దం వెనక పట్టించి, మెడ వెనకను, రెండు పక్కలను చూసుకుని, ఇంకో రెండు వేళ్లు తీయమంది.

ఇంటికొచ్చాక పది రోజులు ఆమె చెయ్యి నడుం దగ్గర జడ కోసం వెతుకుతూనే ఉంది. కుర్చీలో కూర్చునే ముందు అలవాటుగా జడను ముందుకు లాక్కోబోయేది. ఇప్పుడు జుట్టంతా ఒక పక్కకు తెచ్చుకుని, మోచెయ్యి ఎత్తకుండా తనే దువ్వుకుంటోంది.

నమస్కారం.