ఉత్తరాల మనిషికి స్టాంపే తగిన సత్కారం
(మెల్‌బోర్న్ తెలుగువారి కార్తీక వనభోజనాల్లో చేసిన ప్రసంగం)

పెద్దలకు నమస్కారం, పిల్లలకు ఆశీస్సులు. కార్యవర్గం వారు నన్ను కార్తీకమాస విశిష్టత గురించి మాట్లాడమన్నారు. దాని సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. ఉసిరి చెట్టు కింద తినాలి, ఇక్కడ ఉసిరి దొరక్క యూకలిప్టస్ కింద కూర్చున్నాం. మన ఖమ్మం వైపు రైతులు జామాయిల్ అనేది ఈ జాతి చెట్లనే. కాబట్టి చెట్టు గురించే మాట్లాడతాను. నిజం చెప్పాలంటే, ఈ చెట్టు విత్తనాలను దేశదేశాలకు పంపిన ఫెర్డినాండ్ ఫాన్ ముల్లర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడి బొమ్మ ఉన్న రెండు స్టాంపుల గురించి. మా ఆవిడ వద్దంది, అయినా ఆల్బమ్ తెచ్చాను.

మొదటిది 1948 నాటి ఆస్ట్రేలియా స్టాంపు. ముదురెరుపు, ఒకటే రంగు. భూతద్దంలో చూస్తే గడ్డం అంతా సన్నని గీతలే, లోహపు పలక మీద చెక్కి అచ్చువేసింది. రెండోది 1996లో, ఆయన పోయి నూరేళ్లయిన సందర్భంగా, ఆస్ట్రేలియా, జర్మనీ కలిసి తెచ్చినది. రెండింటి మీదా ఈ ముల్లరే. 1825లో జర్మనీలోని రోస్టాక్‌లో పుట్టాడు. మందుల పని నేర్చాడు, వృక్షశాస్త్రంలో డాక్టరేట్ తీసుకున్నాడు. ఊపిరితిత్తులకు వెచ్చటి ఊరు మంచిదంటే 1847లో ఇద్దరు చెల్లెళ్లతో ఓడెక్కి అడిలైడ్‌లో దిగాడు. 1853లో మన మెల్‌బోర్న్ ఉన్న ఈ విక్టోరియా ప్రాంతానికి ప్రభుత్వ వృక్షశాస్త్రజ్ఞుడయ్యాడు. 1855లో గ్రెగరీ అనే ఆయన నడిపిన అన్వేషక దళంతో ఉత్తర ఆస్ట్రేలియా వెళ్లి, గుర్రాల మీద తిరిగి, దాదాపు 2,000 జాతుల మొక్కలు చూసి వచ్చాడు.

పిల్లలూ, మీరు తినే మకడేమియా పప్పు ఉంది చూశారా, ఆ పేరు పెట్టింది ఈయనే, మకాడమ్ అనే స్నేహితుడి మీద. జలుబు చేస్తే అమ్మ రుమాలు మీద వేసే యూకలిప్టస్ నూనెను, ఈయన ప్రోత్సాహంతోనే 1852లో బోసిస్టో అనే మందుల వ్యాపారి ఇక్కడి డాండెనాంగ్ వాగు దగ్గర తీయడం మొదలుపెట్టాడు. అన్నీ మంచి పనులే అనను. బ్లాక్‌బెర్రీ గింజలు దారి పొడవునా చల్లుకుంటూ పోయాడు. ఆ ముళ్ల కంపను ఈనాటికీ రైతులు నరుకుతూనే ఉన్నారు.

ఇప్పుడు నా అసలు బాధకు వస్తాను. సమయం అయిందని సైగలు చేస్తున్నారు, చూస్తూనే ఉన్నాను.

1857లో ఆయన్ను మెల్‌బోర్న్ బొటానిక్ గార్డెన్స్‌కు డైరెక్టర్‌ని చేశారు. ఆయన దాన్ని మొక్కల గురించి చదువుకునే చోటుగా పెంచాడు. ఊరి పెద్దలకు అది నచ్చలేదు. పూలేవి, పచ్చికలేవి, ఫౌంటెన్లేవి అని పత్రికల్లో గోల. 1873లో తప్పించారు. పదహారేళ్లు పెంచిన తోట! తర్వాత వచ్చిన గిల్‌ఫాయిల్ అందంగా తీర్చిదిద్దాడు, కాదనను. మనం సెల్ఫీలు తీసుకునే పచ్చిక ఆయన పుణ్యమే. కానీ చెట్లకు పునాది వేసిందెవరండీ?

అంతకుముందే ఇంకో దెబ్బ. ఆస్ట్రేలియా మొక్కలన్నిటి మీద పెద్ద గ్రంథం తానే రాయాలని ఆయన కోరిక. ఆ పని లండన్ దగ్గర క్యూ అనే చోటి వృక్షశాస్త్ర తోటల్లో కూర్చున్న బెంథామ్ అనే ఇంగ్లీషు వృక్షశాస్త్రజ్ఞుడికి ఇచ్చారు. బెంథామ్ ఈ నేల మీద ఒక్కసారి కూడా అడుగుపెట్టలేదు! ముల్లర్ అలిగి కూర్చోలేదు. తాను పోగుచేసిన ఎండు మొక్కలను కట్టలు కట్టి ఓడల మీద పంపాడు, పని అయ్యాక అవి తిరిగి వచ్చేవి, మళ్లీ పంపేవాడు. 1863 నుంచి 1878 దాకా ఏడు సంపుటాలు. రచయిత బెంథామ్, ముల్లర్ పేరు సహాయకుడిగా. నేనైతే ఒక్క ఆకు కూడా పంపేవాణ్ని కాదు.

తోట పోయింది, గ్రంథం పోయింది. తపాలా మాత్రం ఎవరూ లాక్కోలేకపోయారు. ప్రభుత్వ వృక్షశాస్త్రజ్ఞుడి ఉద్యోగం 1896లో కన్నుమూసేదాకా ఉంది. ఆయన రాసిన ఉత్తరాలు వేలకు వేలు. కవర్లలో విత్తనాలు దేశదేశాలకు వెళ్లాయి. ఆయన పంపిన యూకలిప్టస్ విత్తనాలు అల్జీరియాలో కూడా మొలిచాయి. అందుకే అంటున్నాను, ఈయనకు కంచు విగ్రహం కంటే స్టాంపు న్యాయమైన గౌరవం. పైగా స్టాంపు మీద ముద్ర గుద్దుతారు, ఊరూరా తిప్పుతారు. ఆయన బతుకూ అంతే కదా.

మీ ఇళ్లల్లో పాత ఉత్తరాలుంటాయి, ముఖ్యంగా అమ్మానాన్నలు ఇండియా నుంచి రాసినవి. దయచేసి స్టాంపులు పీకి పారేయకండి. నీళ్లలో నానబెట్టి కూడా తీయకండి. పోస్టు ముద్రలో ఊరు, తేదీ ఉంటాయి. కవరు కవరే ఉంచండి. ఉంచడానికి చోటు లేదంటే నాకు ఫోన్ చేయండి, నేనే వచ్చి తీసుకుపోతాను.

సరే, పులిహోర చల్లారిపోతోందట. ఆల్బమ్ ఈ బల్ల మీదే ఉంచుతాను, పట్టకారు పక్కనే ఉంది. చూడండి, పిల్లలకు చూపించండి. ఆవకాయ చేత్తో మాత్రం ముట్టుకోకండి.