అప్‌డేట్ వచ్చిన రాత్రి సైట్ జోలికి వెళ్లకండి

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చదవమని చీటీ ఇచ్చారు. వాళ్లు ఏమీ అనుకోరన్న ధైర్యంతో దాన్ని జేబులో పెట్టేసుకుంటున్నాను.

వెతికినవాళ్లకు ఏ సైటు పైన, ఏది కింద కనబడాలో గూగుల్ తేల్చే పద్ధతిని మార్చడాన్నే అప్‌డేట్ అంటున్నాను. ముందు దాని చరిత్ర, గబగబా. 2011లో పాండా అనే అప్‌డేట్ వచ్చి, సరుకు లేని పేజీలు కుప్పలు పోసిన సైట్లను దెబ్బకొట్టింది. 2012 ఏప్రిల్‌లో పెంగ్విన్ అనే అప్‌డేట్, పైకి రావడానికి వేరే సైట్ల నుంచి కొనుక్కున్న లింకుల పని పట్టింది. జనానికి పనికొచ్చే రాతను గుర్తించడానికి 2022లో వచ్చిన హెల్ప్‌ఫుల్ కంటెంట్ పద్ధతిని 2024 మార్చిలో కోర్ అప్‌డేట్‌తో, అంటే ర్యాంకింగ్ మొత్తాన్నీ కదిపే పెద్ద మార్పుతో, అసలు ర్యాంకింగ్ పద్ధతిలోనే కలిపేశారు. ఆ మార్చి అప్‌డేట్ పూర్తిగా అమలు కావడానికే 45 రోజులు పట్టింది. మరి మనవాళ్లు? రెండో రోజు పొద్దున్నే టైటిళ్లు మార్చేస్తారు, పాత వ్యాసాలకు కొత్త తేదీలు అంటిస్తారు. లోపల అక్షరం మార్చకుండా తేదీ మారిస్తే ఎవరికి ఉపయోగం?

నాకు తెలిసిన ఒకాయన కుట్టుమిషన్ల రిపేరు మీద సైట్ నడిపేవారు. ఒక అప్‌డేట్ తర్వాత ట్రాఫిక్, అంటే సైట్‌కు వచ్చే జనం, పడిపోయింది. ఆ టెన్షన్‌లో ఉండగా ‘రికవరీ ప్యాకేజీ’ అంటూ ఒక ఏజెన్సీ దిగింది. పేరెందుకు లెండి. వాళ్లు వస్తూనే చిన్న పేజీలన్నీ పీకేశారు. థిన్ కంటెంట్ అట, అంటే సరుకు లేనివని!

అందులో ఒక పేజీ గురించి చెప్పి తీరాలి. గుడ్డ అడుగున దారం ఉండలు కడుతుంటే అందరూ కింది బాబిన్‌నే అనుమానిస్తారు. ఆయన రాసింది నాలుగే వాక్యాలు. గుడ్డను నొక్కిపట్టే ప్రెషర్ ఫుట్ పైకెత్తి పై దారం మళ్లీ ఎక్కించండి, ఫుట్ దించి ఎక్కిస్తే దారం బిగువును నిలిపే టెన్షన్ డిస్కుల మధ్యకు సరిగా దిగదు అని. పక్కన ఒక ఫొటో. మిషన్ ముందు తల పట్టుకుని కూర్చున్న మనిషికి ఇంకేం కావాలండీ? అడక్కుండానే ఎవరెవరో దానికి లింకులు ఇచ్చారు. ఆ పేజీ తీసేసి, కుట్టుమిషన్ పుట్టుక దగ్గర మొదలయ్యే చాంతాడంత వ్యాసం పెట్టారు. దారం సంగతి ఎక్కడో అడుగున! ఇన్ని పదాలుండాలన్న లెక్క తనకేమీ లేదని గూగుల్ మొత్తుకుంటూనే ఉంది. వినేదెవరు?

గొంతు పెరిగినట్టుంది, ఏమీ అనుకోకండి. టైమ్ అయిపోతోందని సైగ చేస్తున్నారు. స్లైడ్లు వదిలేద్దాం. ఒక్కసారి ఫోన్లు తీసి, మన సైట్ సెర్చ్‌లో ఎలా కనబడుతోందో గూగుల్ చూపించే సెర్చ్ కన్సోల్ తెరవండి. అవును, ఇప్పుడే.

మొదట మాన్యువల్ యాక్షన్స్ చూడండి, అంటే గూగుల్ మనుషులే చూసి వేసిన శిక్షలు. అక్కడ నోటీసు ఉంటే దాని దారి వేరు: తప్పు సరిదిద్ది, మళ్లీ పరిశీలించమని అర్జీ పెట్టాలి. లేకపోతే, ఎవరైనా పొరపాటున, సెర్చ్‌లో చూపొద్దని చెప్పే నోఇండెక్స్ పెట్టారేమో, గూగుల్ ఏ పేజీలు చదవొచ్చో చెప్పే రోబోట్స్ ఫైల్‌లో దారి మూశారేమో చూడండి. మన ఇంటి తప్పుకు అప్‌డేట్‌ను తిట్టుకున్నవాళ్లు బోలెడుమంది.

అవేవీ కాకపోతే ఆగండి. అప్‌డేట్ ముగిసిందని గూగుల్ తన ప్రకటనల పేజీ స్టేటస్ డ్యాష్‌బోర్డ్‌లో పెట్టాక ఇంకో వారం పోనివ్వండి. అప్పుడు ఆ వారాన్ని, అప్‌డేట్ మొదలవక ముందు వారంతో పోల్చండి. సీజన్ ప్రభావమేమో అనుకుంటే నిరుటి లెక్కా తీయండి, 16 నెలల డేటా ఉంటుంది. మొత్తం గ్రాఫ్ చూసి గుండెలు బాదుకోవద్దు. ఏ పేజీ, జనం వెతికే ఏ ప్రశ్నకు పడిందో పట్టుకోండి. రెండో స్థానం నుంచి నాలుగుకు జారితే కదపకండి. నాలుగు నుంచి ఇరవై తొమ్మిదికి పోతే మాత్రం సైట్ మొత్తాన్నీ కొత్త కళ్లతో చదవాలి. ఇప్పుడు పైనున్న పేజీల్లో మనం చెప్పనిది ఏముందో చూడాలి. బాగుచేసినా ఫలితం కనబడటానికి నెలలు పట్టొచ్చు, తర్వాతి కోర్ అప్‌డేట్ దాకా కదలకపోనూవచ్చు. వారంలో ర్యాంకు తెస్తామనేవాళ్లకు ఈ ముక్క చెప్పి, మొహం చూడండి.

ఏజెన్సీలన్నీ అలాంటివే అనను. పెట్టుకోండి. కానీ ముందు సెర్చ్ కన్సోల్‌లో చూసే హక్కు మాత్రమే ఉన్న యూజర్‌గా చేర్చండి, ఓనర్‌గా కాదు. ఏ పేజీ ఎందుకు పడిందో కాగితం మీద రాసిమ్మనండి. ఆ కాగితం చేతికొచ్చేదాకా సైట్ పాస్‌వర్డ్ ఇవ్వకండి. ఇక ప్రశ్నలడగండి, మైకు వెనక్కి పంపిస్తున్నారు.