డీఏ జీతం ఎవరి జేబులోంచి పోతోంది? (పాడ్‌కాస్ట్ ట్రాన్స్‌క్రిప్ట్)

హర్ష: రికార్డ్ అవుతోందా... ఆ, అవుతోంది. అందరికీ నమస్తే. మొన్న ప్రాపర్టీ టాక్స్ బిల్లొచ్చింది, మాది టెక్సస్‌లో ఫ్రిస్కో, కాలిన్ కౌంటీ కదా, స్కూలుకి ఓ పెద్ద లైను, సిటీకి ఒకటి, కాలేజీకి ఒకటి, ఇంకోటి కౌంటీకి, అంటే మన జిల్లా లాంటిదానికి. ఈ కౌంటీ వాళ్లు నా డబ్బుతో ఏం చేస్తారు అని సుజాతక్కని అడిగితే, మైకు పెట్టు చెప్తా అంది.

సుజాత: జైలు, షెరీఫ్, రోడ్లు, కోర్టు బిల్డింగులు. ఇంకోటి, జనం అస్సలు పట్టించుకోనిది, డీఏ ఆఫీసు.

హర్ష: డిస్ట్రిక్ట్ అటార్నీ. మన పీపీ, పబ్లిక్ ప్రాసిక్యూటర్ లాగానే కదా?

సుజాత: పని అదే, కాకపోతే ఇక్కడ ఓట్లేసి గెలిపిస్తాం. మన ఊళ్లో పీపీ డబ్బులు స్టేట్ గవర్నమెంటే చూసుకుంటుంది, జిల్లా పరిషత్‌కి దాంతో సంబంధమే ఉండదు, అందుకే మనకి ఈ డౌటే రాదు. ఇక్కడేమో కేసు స్టేట్ ఆఫ్ టెక్సస్ పేరు మీద నడుస్తుంది, ఖర్చులో పెద్ద ముక్క మాత్రం కౌంటీ నెత్తిన. శుభలేఖ మీద ఒకళ్ల పేరు, క్యాటరింగ్ బిల్లు ఇంకొకళ్ల పేరు.

హర్ష: అంటే స్టేట్ ఏమీ ఇవ్వదా?

సుజాత: ఇస్తుంది, ఎవరికి ఇస్తుందన్నదే అసలు తమాషా. గెలిచిన డీఏకి, అంటే ఆ ఒక్క మనిషికి, డిస్ట్రిక్ట్ జడ్జితో సమానంగా స్టేట్ జీతం ఇస్తుంది, దానికి బదులు ఆయన ప్రైవేట్ ప్రాక్టీస్ చేసుకోకూడదు. జడ్జీల బేసిక్ 2013 నుంచి 1,40,000 డాలర్ల దగ్గరే ఆగిపోయింది, 2025 సెప్టెంబర్‌లో 1,75,000 చేశారు, ఆ లింకు వల్ల డీఏలది కూడా పెరిగింది. ఇక్కడిదాకా బానే ఉంది. కానీ కోర్టులో రోజూ నిలబడి వాదించేది డీఏ కాదుగా, అసిస్టెంట్లు. హ్యూస్టన్ లాంటి చోట వందల మంది ఉంటారు. వాళ్ల జీతాలు కౌంటీ బడ్జెట్‌లోంచే.

హర్ష: వాళ్లకి స్టేట్ నుంచి సున్నానా?

సుజాత: సున్నా అంటే పాపం. సర్వీసు నాలుగేళ్లు దాటితే, చేసిన ప్రతి ఏడాదికీ నెలకి 20 డాలర్లు. పదేళ్లు చేసినవాడికి నెలకి 200.

హర్ష: మా ఆవిడ కాస్ట్‌కో బిల్లు కూడా రాదు అందులో.

సుజాత: ఇంకా విను, ఆఫీసు మొత్తానికి జీతాలకీ ఖర్చులకీ సాయంగా ఏడాదికి కనీసం 22,500 డాలర్లు ఇవ్వాలని చట్టంలో రాసి ఉంది, ఇప్పటి రేట్లకి దాంతో సగం క్లర్కుని కూడా పెట్టుకోలేరు. డల్లాస్, కాలిన్ లాంటి కౌంటీలకి పన్ను డబ్బుంది కాబట్టి నెట్టుకొస్తారు, పల్లె కౌంటీల సంగతేంటి? టెక్సస్‌లో 254 కౌంటీలున్నాయి, 2020 జనాభా లెక్కల్లో లవింగ్ అనే కౌంటీలో ఉన్నది 64 మంది.

హర్ష: మా వీధి గణేశ్ పూజకి అంతకంటే ఎక్కువ వచ్చారు!

సుజాత: అందుకే 2023లో పల్లె కౌంటీల కోసం ఓ గ్రాంటు పెట్టారు, సెనేట్ బిల్ 22. జనాభా 10,000 లోపుంటే ప్రాసిక్యూటర్ ఆఫీసుకి ఏడాదికి లక్ష డాలర్లు, 50,000 లోపు 1,75,000, ఆ పైన 3 లక్షల దాకా ఉంటే 2,75,000. నన్నడిగితే ఈ మధ్య చేసిన వాటిలో తెలివైన పని ఇదే, ఎందుకంటే ఇది జూనియర్ల జీతానికి, కొత్త పోస్టులకి చేరుతుంది.

హర్ష: మిగతా రాష్ట్రాల్లో?

సుజాత: తలో రకం. ఇల్లినాయ్‌లో స్టేట్స్ అటార్నీ, అంటే అక్కడి డీఏ, జీతంలో మూడింట రెండొంతులు రాష్ట్రం తిరిగిస్తుంది, పెన్సిల్వేనియాలో ఫుల్‌టైమ్ డీఏ అయితే 65 శాతం, అక్కడ జడ్జి కంటే సరిగ్గా 1,000 డాలర్లు తక్కువ, ఆ వెయ్యి ఎందుకు తగ్గించారో దేవుడికే తెలియాలి. ఫ్లోరిడా 1998లో రాజ్యాంగాన్నే మార్చుకుంది, 2004 జులై నుంచి జీతాలు రాష్ట్రానివి, బిల్డింగూ ఫోనూ కంప్యూటరూ కౌంటీవి. నాకు బాగా నచ్చింది వర్జీనియా లెక్క.

హర్ష: లౌడన్, ఫెయిర్‌ఫాక్స్, అక్కడ మనవాళ్లు బోలెడంత మంది.

సుజాత: అక్కడ కాంపెన్సేషన్ బోర్డు అని రాష్ట్రానిది ఒకటుంది, కేసుల లెక్క చూసి ఇన్ని పోస్టులు అని డబ్బిస్తుంది, చాలకపోతే కౌంటీ పైన వేసుకోవాలి. ఇంతలో పోలీసుల చొక్కాలకి కెమెరాలు వచ్చాయి. ఒక్క డ్రంకెన్ డ్రైవింగ్ కేసుకి ముగ్గురు పోలీసులొస్తే మూడు వీడియోలు, ఒక్కోటి గంట, గంటన్నర, అవన్నీ కూర్చుని చూడాల్సింది ప్రాసిక్యూటరే, డిఫెన్స్ వాళ్లకి కాపీ కూడా వీళ్లే ఇవ్వాలి. దాంతో 2019లో రూల్ పెట్టారు, ప్రతి 75 కెమెరాలకి ఒక కొత్త అసిస్టెంటు, జీతం లోకల్ గవర్నమెంటే కట్టాలని. కెమెరా కొన్నది నువ్వే కాబట్టి దాన్ని చూసే మనిషి ఖర్చూ నీదే.

హర్ష: అది న్యాయమే అనిపిస్తోంది. సరే, డబ్బు ఇవ్వం పో అని కౌంటీ మొండికేస్తే?

సుజాత: మీ కౌంటీలోనే జరిగింది నాయనా! 2015లో స్టేట్ అటార్నీ జనరల్, అంటే రాష్ట్రానికి పెద్ద లాయరు, కెన్ పాక్స్‌టన్ మీద సెక్యూరిటీస్ ఫ్రాడ్, అంటే పెట్టుబడుల మోసం, కేసు పడింది, కాలిన్ డీఏ పక్కకి తప్పుకున్నాడు, ఆయన బదులు వాదించడానికి హ్యూస్టన్ నుంచి బయటి లాయర్లని స్పెషల్ ప్రాసిక్యూటర్లుగా పెట్టారు, గంటకి 300 డాలర్లని జడ్జి ఒప్పుకున్నాడు. మొదటి బిల్లు కౌంటీ కట్టింది. రెండోది 2 లక్షల పైన వచ్చేసరికి కమిషనర్స్ కోర్టు కట్టనంది.

హర్ష: కోర్టు వాళ్లే కట్టనన్నారా?

సుజాత: పేరే కోర్టు, అసలు అది బడ్జెట్ పాస్ చేసే కమిటీ, ఐదుగురు ఎన్నికైన వాళ్లు. గొడవ పైదాకా వెళ్తే, 2018లో రాష్ట్రంలో క్రిమినల్ కేసులకి అన్నిటికంటే పెద్ద కోర్టు కౌంటీ వైపే చెప్పింది, నియమించిన లాయర్ల ఫీజుకి ముందే రాసిపెట్టుకున్న షెడ్యూల్ ఉంది, జడ్జి దాన్ని దాటకూడదని. అసలు కేసుకి ట్రయల్ మాత్రం మొదలవ్వనే లేదు. 2024 మార్చిలో రాజీ, తప్పు ఒప్పుకోకుండానే 100 గంటల కమ్యూనిటీ సర్వీసు, బాధితులకి 2,71,000 డాలర్ల దాకా. ఫీజు గొడవ ఒక్కటే కారణం కాదులే, ఏ కౌంటీలో విచారించాలన్న దాని మీద కూడా ఏళ్లు గడిచిపోయాయి. కానీ పర్సు చేతిలో ఉన్నవాడు కేసుని ఎలా నీరసపెట్టగలడో నాకు అప్పుడే అర్థమైంది.

హర్ష: మరి మొత్తం స్టేటే ఇచ్చేస్తే పోదా?

సుజాత: అప్పుడు పర్సు రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లో ఉంటుంది, అంతేగా. న్యూజెర్సీలో ఇంకో దారుంది, కౌంటీ డబ్బు సరిపోదనిపిస్తే ప్రాసిక్యూటర్ నేరుగా అసైన్‌మెంట్ జడ్జి, అంటే అక్కడి కోర్టుల పాలన చూసే జడ్జి, దగ్గరికెళ్లి ఇంకా కావాలని అడగొచ్చు, అవసరమని తేలితే కౌంటీ కట్టాల్సిందే. అలాంటిదేదో ఇక్కడా ఉంటే బాగుండు.

హర్ష: ఇంతకీ ఆ ఐదుగురి మీటింగ్‌కి నాలాంటోడు వెళ్లొచ్చా?

సుజాత: వెళ్లొచ్చు, మాట్లాడొచ్చు కూడా. బడ్జెట్ మీటింగులు ఎండాకాలంలో అవుతాయి, వీక్‌డే పూట.

హర్ష: వీక్‌డేనా... సరిగ్గా మా ఆఫీసు స్ప్రింట్ ప్లానింగ్ మీటింగ్ టైములో పెట్టి ఉంటారు చూడు.