అవసరం పడిన వేళే సేవకు ముహూర్తం

(కోనసీమలోని ఒక లయన్స్ క్లబ్బు నూతన కార్యవర్గ ప్రమాణ స్వీకార సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదికను అలంకరించిన పెద్దలకు, ఈరోజు బాధ్యతలు స్వీకరించిన నూతన అధ్యక్షులకు, కార్యదర్శికి, కోశాధికారికి, తోటి లయన్ మిత్రులకు, వారి కుటుంబ సభ్యులకు నా నమస్కారాలు.

జూలై నెలతో లయన్స్‌కు కొత్త సంవత్సరం మొదలవుతుంది. నిరుడు చేసిన కార్యక్రమాల నివేదికను కార్యదర్శి గారు ఇప్పటికే వివరంగా చదివారు కనుక నేను మళ్ళీ వాటి జోలికి వెళ్ళను. ఒకే ఒక్క విషయం మీద మీతో మాట్లాడాలనుకుంటున్నాను. మన క్లబ్బు చేసే సేవ మనకు తీరిక దొరికినప్పుడు జరుగుతోందా, లేక అవతలి మనిషికి అవసరం పడినప్పుడు జరుగుతోందా అన్నదే ఆ విషయం. క్లబ్బు మంచిదా కాదా అని తేల్చేది ఈ ప్రశ్నకు మనమిచ్చే జవాబేనని నేను గట్టిగా నమ్ముతున్నాను.

1917లో షికాగోలో మెల్విన్ జోన్స్ అనే బీమా వ్యాపారి, వ్యాపార లాభాల కోసం కలుసుకునే బృందాలు తమ ఊరి మంచి కోసం కూడా ఎందుకు పనిచేయకూడదని అడిగినప్పుడు ఈ సంస్థ పుట్టింది. 1925 జూన్ 30న ఒహాయో రాష్ట్రంలోని సీడార్ పాయింట్‌లో జరిగిన మహాసభలో హెలెన్ కెల్లర్ మాట్లాడి, అంధుల పక్షాన నిలబడమని లయన్స్‌ను కోరారు. చూపు లేని, వినికిడి లేని ఆ మహనీయురాలు అడిగిన మాటను కాదనలేక నాటి సభ్యులు కంటి సేవను తమ ప్రధాన కర్తవ్యంగా స్వీకరించారు. 1956లో బొంబాయిలో మన దేశపు తొలి క్లబ్బు ఏర్పడింది. ఆ తరువాత జిల్లా కేంద్రాలకు, అక్కడి నుంచి మనలాంటి చిన్న పట్టణాలకు క్లబ్బులు విస్తరించాయి. కంటి వైద్య శిబిరం లేని లయన్స్ క్లబ్బు తెలుగునాట అరుదంటే దాని వెనుక ఇంత చరిత్ర ఉంది.

అయితే సేవ అన్న భావం మనకు షికాగో నుంచి రాలేదు. మన లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు గోదావరి దాటి వచ్చే బాటసారులకు వేళాపాళా చూడకుండా వండి వడ్డించారు. ఒకసారి ఆమె అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయలుదేరారట. దారిలో ఆకలితో గన్నవరం వైపు వెళుతున్న ఒక పెళ్ళివారి మాటలు చెవిన పడి, వాళ్ళు చేరేసరికి ఇంట్లో అన్నం ఉండాలని పల్లకీని వెనక్కి తిప్పించారని మన పెద్దలు చెబుతారు. 1909లో ఆమె కన్నుమూశారు. నేటికీ గోదావరి పాయ మీదుగా కాలువను దాటించే గన్నవరం అక్విడక్టు ఆమె పేరుతో ఉంది, రాష్ట్రంలో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమూ ఆమె పేరుతోనే నడుస్తోంది. ఆమె ఎంతమందికి పెట్టారో ఎవరూ లెక్క రాయలేదు. వచ్చినవాడి ఆకలి వేళే ఆమెకు వంట వేళ అన్నది మాత్రం అందరికీ గుర్తుంది. ఈ గడ్డ మీద పనిచేసే క్లబ్బుకు ఇంతకు మించిన కొలమానం అవసరం లేదు.

ఇప్పుడు మన ప్రధాన కార్యక్రమమైన కంటి శిబిరం దగ్గరికి వస్తాను. పాత రోజుల్లో బడి వరండాల్లో, సత్రాల్లో, కల్యాణ మండపాల్లో బల్లలు వేసి అక్కడికక్కడే శుక్లం ఆపరేషన్లు చేసేవారు. కంట్లోని కటకాన్ని పూర్తిగా తీసేసి, దాని బదులు సోడాబుడ్డి అద్దాలు ఇచ్చి పంపేవారు. ఆ అద్దాలు ముక్కు మీద బరువై, మెట్టు ఎక్కడుందో మనిషి ఎక్కడున్నాడో తెలియక ఎంతోమంది పెద్దవాళ్ళు వాటిని గూట్లో పెట్టేసి మళ్ళీ తడుముకుంటూనే బతికారు. తరువాత కంట్లోనే కృత్రిమ కటకం అమర్చే పద్ధతి వచ్చింది. శిబిరాల్లో ఇన్ఫెక్షన్లు సోకి దేశంలో పలుచోట్ల రోగులు కళ్ళు పోగొట్టుకున్నాక, ఊళ్ళో పరీక్ష మాత్రమే చేసి, ఆపరేషన్‌కు ఆసుపత్రికి తీసుకువెళ్ళే విధానం స్థిరపడింది. అది చాలా మంచి మార్పు. దానితో మన పని తగ్గలేదు, పెరిగింది.

ఎందుకంటే శిబిరం ఒక్క ఆదివారంతో ముగుస్తుంది కానీ కంటి వైద్యం ఒక్క ఆదివారంతో ముగియదు. ఆపరేషన్ అయిన మర్నాడు, వారానికి, నెలకు డాక్టరు కన్ను చూడాలి. చుక్కల మందు వారాల తరబడి, డాక్టరు చెప్పిన వేళలకు వేయాలి. ఎర్రబడినా, నొప్పి పుట్టినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. చివరికి చూపు కుదురుకున్నాక అద్దాల నంబరు చూడాలి. ఈ పనుల్లో ఏ ఒక్కటీ ఫ్లెక్సీ ముందు నిలబడి ఫోటో తీయించుకునేది కాదు. గోదావరి పాయల నడుమ ఉన్న లంక గ్రామంలోని ఒక ముసలమ్మను ఊహించుకోండి. కూతురు కూలికి పోతే చుక్కలు వేసేవారు లేరు. ఆగస్టులో ఆపరేషన్ చేయించామంటే గోదావరి వరదకు కాజ్‌వే మునిగి, పడవ దాటి రావడానికి ఇంట్లోవాళ్ళు భయపడి, వారం రోజులకు చూపించుకోవలసిన కన్ను నెల దాటినా డాక్టరు ముందుకు రాదు. శిబిరం తేదీ నిర్ణయించేటప్పుడు ముఖ్య అతిథి గారి వీలు చూస్తాం, హాలు ఖాళీ చూస్తాం. ఇకమీదట వరద కాలం చూడాలి, కోతలు, ఊడ్పులు చూడాలి. లంకల వాళ్ళకు వరద తీశాకే ఆపరేషన్ తేదీలు ఇప్పించాలని, అంతకు ముందే చేయక తప్పని కేసుల్లో మళ్ళీ చూపించుకునే రోజు వరకు రోగిని, తోడు వచ్చినవారిని ఇవతలి ఒడ్డున ఉంచి భోజనం పెట్టే ఏర్పాటు చేయాలని నా సూచన.

ఇంకో మాట. శిబిరానికి నడిచి వచ్చేవాళ్ళు కొంత చూపు ఉన్నవాళ్ళు, ఇంట్లో పలుకుబడి ఉన్నవాళ్ళు. రెండు కళ్ళకూ పొర కమ్మి మంచం పట్టినవాళ్ళు శిబిరానికి రాలేరు. వాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. "ఈ వయసులో ఇంక నేను చూసేదేముంది, ఆ డబ్బు పిల్లలకు పనికొస్తుంది" అని వాళ్ళే అంటారు, ఇంట్లోవాళ్ళు సరేనంటారు. ముదిరాక చేయించుకోవచ్చులే అన్న పాత మాట కూడా ఇంకా ఊళ్ళలో వినిపిస్తుంది. బాగా ముదిరిన శుక్లం తీయడమే కష్టమని, అంతదాకా ఆగనక్కర లేదని ఇంటికి వెళ్ళి చెప్పేవాళ్ళు కావాలి. తెలంగాణలో 2018లో, మన రాష్ట్రంలో 2019లో ప్రభుత్వాలు కంటి వెలుగు కార్యక్రమాలు చేపట్టి పెద్ద ఎత్తున పరీక్షలు జరిపాయి. అంత పెద్ద పని మనలాంటి చిన్న క్లబ్బు చేయలేదు, చేయనవసరం లేదు. కానీ పరీక్షలో కంటి జబ్బు ఉందని తేలినా కదలని మనిషిని చేయి పట్టుకుని ఆటో ఎక్కించే పని ఊరివాళ్ళమైన మనం తప్ప మరెవరూ చేయలేరు.

శుక్లం కొన్నాళ్ళు ఆగుతుంది, ఆగనివీ ఉన్నాయి. కోతల కాలంలో వరి ఆకు అంచు గీసుకుని, నూర్పిడిలో ఊక పడి కంటి నల్లగుడ్డు మీద పుండు పడుతుంది. అప్పుడు ఊళ్ళో జరిగేదేమిటో మనందరికీ తెలుసు. మొదట చనుబాలు వేస్తారు, తరువాత ఏదో ఆకు పసరు పిండుతారు, అదీ కాకపోతే మందుల షాపులో అడిగి దొరికిన చుక్కలు తెచ్చుకుంటారు. ఆ చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటే బూజు (ఫంగస్) వల్ల వచ్చిన పుండు ఇంకా లోతుకు పోతుంది. పదిరోజుల తరువాత ఆసుపత్రికి వెళ్ళేసరికి నల్లగుడ్డు తెల్లబడి ఉంటుంది. పొలంలో దెబ్బ తగిలిన మొదటి రోజే డాక్టరుకు చూపిస్తే చాలామందికి చూపు దక్కుతుంది. కాబట్టి కోతలకు ముందు రైతు సేవా కేంద్రాల దగ్గర, కళ్ళాల దగ్గర ఈ ఒక్క సంగతి చెప్పి, ఫోన్ నంబరు ఇచ్చి రావడం ఈ ఏడాది మన కార్యక్రమాల్లో ముందు వరుసలో ఉండాలి. దీనికి ఖర్చు దాదాపు లేదు.

అలా తెల్లబడిపోయిన నల్లగుడ్డుకు మిగిలే దారి కార్నియా, అంటే నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర, మార్పిడి. దానికి నేత్రదానం కావాలి. నేత్రదానం హామీ పత్రాలు మనం వేదికల మీద చాలా సేకరించాం. పత్రం మంచిదే కానీ ప్రాణం పోయాక అనుమతి ఇవ్వవలసింది ఇంట్లోవాళ్ళు. ఆ ఘడియలో వాళ్ళకు పత్రం గుర్తుండదు. మరణించిన ఆరు గంటల లోపు కార్నియాను సేకరించాలి. ఈలోగా కనురెప్పలు మూసి వాటి మీద తడి దూది ఉంచాలి, ఫ్యాను ఆపాలి, తల కింద దిండు పెట్టి కొద్దిగా ఎత్తులో ఉంచాలి. ఈ చిన్న పనులు చెప్పడానికి ఒక మనిషి ఆ ఇంటికి వెళ్ళాలి. ఏడుస్తున్న ఇంటి గుమ్మంలో చెప్పులు విడిచి, పెద్దకొడుకును పక్కకు పిలిచి, నెమ్మదిగా విషయం చెప్పాలి. "బాబూ, నాన్నగారి ముఖం ఏమీ మారదు, ఇరవై నిమిషాల పని, అంత్యక్రియలకు ఆలస్యం కాదు" అని ధైర్యం చెప్పాలి. మధుమేహం ఉన్నా, అద్దాలు వాడినా, శుక్లం ఆపరేషన్ అయినా సాధారణంగా ఇవ్వవచ్చునని తెలియజేయాలి. హెచ్‌ఐవి, హెపటైటిస్, రేబిస్ వంటివి ఉంటే తీసుకోరన్నదీ దాచకూడదు. వద్దంటే మారు మాట్లాడకుండా దండం పెట్టి వచ్చేయాలి. ఈ కబురు అర్ధరాత్రి వస్తుంది, పండగ పూట వస్తుంది, మన ఇంట్లో శుభకార్యం ఉన్నప్పుడు వస్తుంది. ఆ ఫోను ఎత్తే మనిషి మన క్లబ్బులో ఎప్పుడూ ఒకరు ఉండాలి.

రక్తదానంలోనూ ఇదే సమస్య. నాయకుల పుట్టినరోజులకు, జాతీయ దినాలకు ఒకే వారంలో నాలుగైదు శిబిరాలు జరుగుతాయి. రక్తకణాలు నిలవ ఉండేది సుమారు 35 నుంచి 42 రోజులు, ప్లేట్‌లెట్లయితే ఐదు రోజులే. రక్తం ఇచ్చిన మగవారు మూడు నెలల దాకా, ఆడవారు నాలుగు నెలల దాకా మళ్ళీ ఇవ్వకూడదు. అంటే అందరూ ఒకేసారి ఇస్తే ఆ తరువాత ఊరంతటికీ ఒకేసారి కొరత వస్తుంది. ఎండాకాలంలో కాలేజీలు మూసేసి దాతలు దొరకనప్పుడు కూడా పుట్టుకతో వచ్చే రక్త జబ్బు తలసేమియా ఉన్న పిల్లవాడికి రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి రక్తం ఎక్కించక తప్పదు. మన శిబిరాలు ఏప్రిల్, మే నెలల్లో పెట్టాలి. మిగిలిన నెలల్లో పెద్ద శిబిరాలకన్నా, రక్తపు గ్రూపుల వారీగా దాతల జాబితా తయారు చేసి బ్లడ్ బ్యాంకు అడిగిన రోజున పదిమందిని పంపడం మేలు.

చలివేంద్రాల గురించి క్లుప్తంగా చెబుతాను. మార్చిలో రిబ్బను కత్తిరించిన రోజు మజ్జిగ ఉంటుంది, మే నెల రోహిణి కార్తెలో దాహం తీవ్రంగా ఉన్నప్పుడు కుండ ఖాళీగా ఉంటుంది. రోజూ నీళ్ళు పోసే మనిషికి జీతం కట్టగలిగినన్ని చోట్లే తెరుద్దాం. తక్కువైనా ఫరవాలేదు.

డబ్బు విషయం కూడా ఈ సభలోనే చెప్పడం మంచిది. మన సంస్థ నియమాల ప్రకారం సభ్యుల చందాతో నడిచే పరిపాలనా ఖాతా వేరు, ప్రజల నుంచి సేకరించిన సేవా ఖాతా వేరు. ప్రజలిచ్చిన ప్రతి రూపాయీ ప్రజలకే చేరాలి. ఈ సభకు వేసిన షామియానా, శాలువాలు, ఇప్పుడు మనం తినబోయే భోజనం, అన్నీ మన చందాల్లోంచే రావాలి. కొబ్బరి దింపు డబ్బులో నుంచి వంద రూపాయలు తీసి మన చేతిలో పెట్టిన చిన్న రైతుకు ఆ లెక్క చూపించే బాధ్యత కోశాధికారి గారి ఒక్కరిదే కాదు, మనందరిదీ.

సేవ అంటే పోయినచోటికే మళ్ళీ పోవడమని మన దేశం ఒకసారి పెద్ద ఎత్తున నిరూపించింది. మనలాంటి మరో సేవా సంస్థ అయిన రోటరీ మిత్రులు 1985లో ప్రపంచవ్యాప్తంగా పోలియో నిర్మూలన బాధ్యత తలకెత్తుకున్నారు. మన దేశంలో ప్రభుత్వ సిబ్బందితో పాటు లక్షలాది వాలంటీర్లు ఇంటింటికీ తిరిగారు. పిల్లలందరికీ చుక్కలు పడిన ఇంటి గోడ మీద సుద్దతో ‘పి’ అని రాసేవారు. పిల్లవాడు ఊరెళ్ళాడనో, తండ్రి వద్దన్నాడనో ఎవరైనా మిగిలిపోతే ‘ఎక్స్’ అని రాసి, ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళేవారు. 2011 జనవరి తరువాత దేశంలో ఆ వైరస్ సహజంగా సోకిన కేసు ఒక్కటీ నమోదు కాలేదు. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియో రహితంగా ప్రకటించింది. ‘పి’ రాసిన ఇళ్ళను లెక్కపెట్టుకుని తృప్తి పడి ఉంటే ఈ ఫలితం దక్కేది కాదు. మన నెలవారీ రిపోర్టులో ఎంతమందికి సేవ చేశామన్న గడి ఉంటుంది. మనకు మనంగా ఇంకో గడి గీసుకుందాం. ఎంతమంది మళ్ళీ రాలేదు, ఎందుకు రాలేదు, వాళ్ళ ఇంటికి ఎవరు వెళ్ళారు అన్నవి అందులో రాద్దాం.

నూతన అధ్యక్షులకు నా విన్నపం ఇది. మనలాంటి పలు క్లబ్బుల పని చూసే రీజియన్ చైర్మన్ గారు వచ్చేలోగా ఎన్ని కార్యక్రమాలు చూపించాలన్న ఆందోళన పెట్టుకోకండి. ఈ ఏడాది తక్కువ మందికి ఆపరేషన్లు చేయించినా, చేయించిన ప్రతి ఒక్కరి కన్నూ నెల రోజుల పరీక్ష దాకా మన బాధ్యతే అనుకుందాం. నేత్రదానం ఫోనుకు వారానికి ఇద్దరు సభ్యుల చొప్పున వంతులు వేసిన పట్టిక కార్యదర్శి గారి దగ్గర సిద్ధంగా ఉంది. భోజనాలకు లేచే ముందు ప్రతి ఒక్కరూ తమ పేరు, తమకు వీలైన వారం అందులో రాయవలసిందిగా కోరుతున్నాను. దసరా, దీపావళి, సంక్రాంతి వారాలు ఇంకా ఖాళీగా ఉన్నాయి కనుక వాటిని ముందుగా పూరించండి. నమస్కారం.