ఫ్లోరైడ్ మ్యాప్ గీస్తుంటే ఎర్రర్ వస్తోందా? ముందు చుక్కలు లెక్కపెట్టండి

[స్క్రీన్ మీద: తెల్ల కాగితం, దాని మీద ఒక్కొక్కటిగా పడుతున్న చుక్కలు]

నమస్కారం. ఒంగోలు నుంచి మాట్లాడుతున్నాను. గణాంకాల లెక్కలు చేసే 'ఆర్' సాఫ్ట్‌వేర్‌లో మ్యాప్ మీద నునుపైన ఉపరితలం గీయబోతే వచ్చే ఎర్రర్ల గురించి ఇవాళ చెప్తాను. మన జిల్లాల్లో నీళ్ల మీద ప్రాజెక్టులు చేసే పీజీ పిల్లలు వీటితో రాత్రిళ్లు కూర్చుని తంటాలు పడుతుంటారు.

మొన్న ఒకమ్మాయి ఫోన్ చేసింది. కనిగిరి వైపు 20 ఊళ్లు తిరిగి, ఊరికి మూడు బోర్ల చొప్పున 60 సీసాల నీళ్లు పట్టి, ఫ్లోరైడ్ పరీక్ష చేయించింది. ఆ అంకెలతో రంగుల మ్యాప్ వేయాలి. ఆర్‌లో ఇలాంటి ఉపరితలాలు గీయడానికి ఎమ్‌జీసీవీ అనే ప్యాకేజీ ఉంది, అందులోని గ్యామ్ అనే కమాండ్ రాసింది. రన్ చేయగానే ఎర్ర లైను వచ్చి ఆగిపోయింది.

"సార్, కె విలువ 5 చేస్తే ఎర్రర్ పోయింది సార్. అలా ఉంచేయొచ్చా?"

"ఉంచకమ్మా, ముందు నీ ఫైలు పంపు" అన్నాను.

వద్దని ఎందుకన్నానో చెప్పాలంటే ఈ మ్యాప్ దేనికో చెప్పాలి. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాల్లో గారపళ్లు, వంగిపోయిన నడుములు ఇవాళ్టివి కావు. 1937లోనే షార్ట్ అనే వైద్యుడి బృందం అప్పటి నెల్లూరు జిల్లాలోని ఈ ఊళ్లలో ఫ్లోరోసిస్‌ను గుర్తించి పరిశోధన పత్రం ప్రచురించింది. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో కదా, అంతకుముందు ఈ తాలూకాలన్నీ నెల్లూరువే. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకపోతే 1.5 దాకా పర్వాలేదని మన దేశ ప్రమాణం. కాబట్టి మ్యాప్‌లో ఒక ఊరు పచ్చగా పడిందంటే, ఆ ఊరివాళ్లకు 'మీ బోరు నీళ్లు తాగండి' అని చెప్పినట్టే.

[స్క్రీన్ మీద: పొట్టీ పొడుగూ గుంజలు, వాటి మీద పలుచని రేకు]

ఉపరితలం అంటే ఏమిటో ఈ బొమ్మలో చూడండి. నేలమీద ప్రతి బోరు దగ్గరా ఒక గుంజ పాతాం. ఫ్లోరైడ్ ఎంత ఎక్కువైతే గుంజ అంత పొడుగు. వాటి మీద ఒక పలుచని రేకు పరిచి, గుంజల ఎత్తుకు దగ్గరగా వచ్చేలా వంచుతున్నాం. గ్యామ్ లోపల జరిగేది దాదాపు ఇదే. ఈ పద్ధతికి పేరే థిన్ ప్లేట్ స్ప్లైన్, అంటే పలుచని రేకు లెక్క. సైమన్ వుడ్ రాసిన ఎమ్‌జీసీవీ ప్యాకేజీలో ఎస్ అని రాసి బ్రాకెట్లో రేఖాంశం, అక్షాంశం ఇస్తే వచ్చేది ఇదే.

రేకు ఎక్కువలో ఎక్కువ ఎన్ని రకాలుగా వంగొచ్చో చెప్పేది కె. మనం ఏమీ చెప్పకపోతే రెండు దిక్కుల ఉపరితలానికి అదే 30 తీసుకుంటుంది.

ఇప్పుడు ఆ ఎర్రర్ చదువుదాం. 'ఎ టర్మ్ హాజ్ ఫ్యూయర్ యునీక్ కోవేరియేట్ కాంబినేషన్స్' అని మొదలవుతుంది. మీరడిగిన వంపులకన్నా వేర్వేరు స్థలాలు తక్కువున్నాయని దాని అర్థం.

అమ్మాయికి ఇక్కడే తికమక. "60 రీడింగులున్నాయి కదా సార్, 30 వంపులకు సరిపోవా?"

రీడింగులు 60 నిజమే. కానీ ఫైలు తెరిస్తే ఒక్కో ఊళ్లోని మూడు బోర్లకూ ఒకే రేఖాంశం, ఒకే అక్షాంశం ఉన్నాయి. ఊరి పేరు కొడితే మ్యాప్‌లో వచ్చిన స్థానాన్ని మూడు వరసల్లోనూ అతికించింది. 60 సీసాలున్నా, గుంజలు పాతింది 20 చోట్లే. 20 చోట్ల గుంజలతో 30 వంపులు నిర్ణయించడం కుదరదు. సాఫ్ట్‌వేర్ ఉన్న మాటే చెప్పింది.

ఇలాంటప్పుడు చాలామంది రెండు పనులు చేస్తారు. రెండూ వద్దంటాను. ఒకటి, ఎర్రర్ పోయేదాకా కె తగ్గించుకుంటూ పోవడం. 20 స్థలాలకు కె 20 దాకా పెట్టొచ్చు. ఆమె 5 పెట్టింది. రేకు గట్టిపడిపోయింది. ఒక ఊరి బోర్లలో ఫ్లోరైడ్ 3 దాటింది. చుట్టుపక్కల ఊళ్లలో 1 లోపే. కె 5 పెట్టిన మ్యాప్‌లో ఆ మెరక కనిపించనే లేదు. ఊరంతా పచ్చరంగు! ఎర్రర్ రాకుండా వచ్చిన ఆ మ్యాప్ ఎర్రర్ కన్నా ప్రమాదం.

రెండోది, జిట్టర్. అక్షాంశాలకు కొద్దికొద్దిగా ఏవో అంకెలు కలిపేసి, మూడు బోర్లూ వేర్వేరు చోట్ల ఉన్నట్టు చూపించడం. సాఫ్ట్‌వేర్ నమ్మేస్తుంది. కానీ బోరు లేని చోట బోరున్నట్టు మనం రాసినట్టే కదా.

మరి దారి? ఇప్పుడున్న డేటాతోనే ముగించాలంటే కె 15 అలా పెట్టి, తర్వాత గ్యామ్ చెక్ అనే కమాండ్ ఇవ్వండి. అందులో కె ప్రైమ్ అని ఒక అంకె, ఈడీఎఫ్ అని ఒక అంకె పక్కపక్కన వస్తాయి. కె ప్రైమ్ అంటే రేకుకు మనం ఇచ్చిన గరిష్ఠ వంపులు, ఈడీఎఫ్ అంటే అది నిజంగా వాడుకున్నవి. ఈడీఎఫ్ వెళ్లి కె ప్రైమ్‌కు దాదాపు ఆనుకుంటే, రేకు ఇంకా వంగాలని చూస్తోందనీ మనమే వంగనివ్వడం లేదనీ అనుమానించాలి. ఈ అమ్మాయి మాత్రం ఇంకా మంచి పని చేసింది. రెండు ఆదివారాలు వాళ్ల నాన్న బండి మీద మళ్లీ తిరిగి, ప్రతి బోరు పక్కన నిలబడి ఫోన్‌లో లొకేషన్ రాసుకొచ్చింది. రాతి నేల కదా, ఏ పగులు నుంచి నీరు వస్తోందన్నదాన్ని బట్టి ఒకే ఊళ్లో రెండు బోర్లకు ఫ్లోరైడ్ చాలా తేడా రావచ్చు. ఇప్పుడు 60 చుక్కలూ వేర్వేరు. కె 30 తోనే నడిచింది.

[స్క్రీన్ మీద: కొత్త ఎర్ర లైను]

మర్నాడు మళ్లీ ఫోన్. ఈసారి బోరు లోతు కూడా కలిపింది. వచ్చిన ఎర్రర్ 'మోడల్ హాజ్ మోర్ కోఎఫిషియంట్స్ దాన్ డేటా.' లెక్క వేద్దాం. స్థిరాంకాన్ని విడిగా లెక్కపెడతారు కాబట్టి ప్రతి కె లోనూ ఒకటి తగ్గుతుంది. ఉపరితలానికి 29, లోతుకు మామూలుగా ఇచ్చే కె 10 కాబట్టి 9, మొదటి స్థిరాంకం 1. మొత్తం 39. డేటా 60 ఉంది. మరి ఎక్కువెలా అయింది?

26 బోర్లకు లోతు తెలియలేదు, ఆ గడులు ఖాళీగా వదిలేసింది. మోడల్‌లో వాడే కాలమ్‌లలో ఏ గడి ఖాళీగా ఉన్నా గ్యామ్ ఆ వరస మొత్తాన్నీ చడీచప్పుడు లేకుండా పక్కన పెట్టేస్తుంది. మిగిలినవి 34. వాటితో 39 అంకెలు కనుక్కోమంటే ఎలా? అందుకే మోడల్ నడిచినప్పుడు కూడా సమ్మరీ అడుగున 'ఎన్' దగ్గర ఎంత ఉందో చూడటం అలవాటు చేసుకోండి. కె లు 15, 5 గా తగ్గిస్తే 19 అంకెలే అవుతాయి, ఎర్రర్ రాదు. కానీ వదిలేసిన 26 బోర్లు ఏ ఊళ్లవో కూడా చూడండి. అన్నీ ఒకే మూలవైతే ఆ మూల మ్యాప్‌లో ఉండి కూడా లేనట్టే. లోతు ఎంతో బోరు వేయించినవాళ్లను అడిగితే సగం మంది చెప్పేస్తారు. వేసిన బోరు ఎన్ని అడుగులో రైతు మర్చిపోడు, అప్పు తెచ్చి వేయించాడు మరి.

లోతును రేఖాంశం, అక్షాంశాలతో పాటు ఒకే ఎస్ బ్రాకెట్లో మాత్రం పడేయకండి. ఎస్ అన్ని దిక్కుల్నీ ఒకే కొలతతో చూస్తుంది. రేఖాంశం, అక్షాంశం జంటగా పర్వాలేదు. మన దగ్గర ఒక డిగ్రీ అంటే తూర్పు పడమరగా సుమారు 107 కిలోమీటర్లు, ఉత్తర దక్షిణంగా 110 పైన, తేడా కొంచెమే. డిగ్రీల పక్కన అడుగులు పెడితే పోలిక లేదు. అలాంటప్పుడు ఎస్ బదులు వాడేది టీఈ, అది ఒక్కో దిక్కునూ దాని కొలతతోనే చూస్తుంది. అదీ జాగ్రత్త. స్థలం ఒక జంటగా, లోతు విడిగా ఇచ్చి కె చెప్పకుండా వదిలేస్తే 25 ను 5 తో గుణించి 125 తీసుకుంటుంది. 60 సీసాలతో అది నడవదు, కె లు మీరే చిన్నవి ఇవ్వాలి.

అసలు టెన్షన్ ఎర్రర్ రాని తప్పులతోనే. ఒక వరసలో రేఖాంశం, అక్షాంశం తారుమారయ్యాయి. కనిగిరి సుమారు 15.4 ఉత్తరం, 79.5 తూర్పు. తిరగేస్తే చుక్క ఉత్తర ధ్రువం దగ్గర స్వాల్బార్డ్ దీవుల్లో పడుతుంది. గ్యామ్ కిక్కురుమనదు. ఆ ఒక్క చుక్కను అందుకోవడానికి రేకునంతా సాగదీస్తుంది, మన ఊళ్లన్నీ ఒక మూల చుక్కలా ముడుచుకుపోతాయి. మోడల్ కన్నా ముందు చుక్కలు గీసి చూడండి. పది సెకన్ల పని.

ల్యాబ్ రిపోర్టులో 'బీడీఎల్' అని రాసిన గడులు ఇంకొకటి. కొలవలేనంత తక్కువ అని అర్థం. అక్షరం ఒక్కటి ఉన్నా ఆ కాలమ్ మొత్తం అక్షరాల కాలమ్ అయిపోతుంది. పాత పాఠాలు చూసి నేర్చుకున్నవాళ్లకు ఇక్కడ గొయ్యి ఉంది. 2020లో వచ్చిన 4.0.0 వెర్షన్‌కు ముందు ఆర్ అలాంటి కాలమ్‌ను తనంతట తానే ఫ్యాక్టర్ చేసేది, అంటే ఒక్కో వేర్వేరు విలువకు ఒక వరస నంబరు ఇచ్చి దాచేది. ఫ్యాక్టర్‌ను నేరుగా అంకెగా మారిస్తే 2.8 కాస్తా 17 కావచ్చు, ఎందుకంటే వచ్చేది వరస నంబరు. ముందు అక్షరంగా మార్చి, తర్వాత అంకె చేయాలి. బీడీఎల్‌ను సున్నా చేసేయకండి. ల్యాబ్ ఎంతవరకు కొలవగలదో అడిగి, దాన్నిబట్టి ఏం వేశారో రిపోర్టులో రాయండి.

మ్యాప్ గీసేటప్పుడు 'కావలసిన కాలమ్ దొరకలేదు' అంటే, మోడల్‌లో లాన్ అని రాసి కొత్త ఫైలులో లాంగిట్యూడ్ అని రాశారేమో చూడండి. ఫార్ములాలో డాలర్ గుర్తు పెట్టినా ఇదే గొడవ. కాలమ్ పేరు మాత్రమే రాసి, ఫైలు పేరు డేటా అన్నచోట ఇవ్వండి.

చివరి మాట, రంగుల గురించి. మోడల్‌ను రంగుల మ్యాప్‌గా గీసే విస్ గ్యామ్ అనే కమాండ్ చుక్కలు లేని చోట కూడా ధైర్యంగా రంగు పూసేస్తుంది. టూ ఫార్ అనే ఆప్షన్‌కు 0.1 లాంటి విలువ ఇస్తే చుక్కలకు దూరంగా ఉన్న చోట్లను వదిలేస్తుంది. ఆ అమ్మాయి అలా గీస్తే పామూరు వైపు ఒక మూల తెల్లగా మిగిలింది.

"ఖాళీ ఉంటే వైవాలో అడుగుతారేమో సార్."

"అడగనీయమ్మా. అక్కడ మనం సీసా పట్టలేదని చెప్పు."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఆ మూలన ఎన్ని ఊళ్లున్నాయని అడిగింది. నాలుగన్నాను. వచ్చే ఆదివారానికి 12 సీసాలు కడిగి పెట్టుకుంటానంది.