అమ్మానాన్నల ఫోన్‌లో సిగ్నల్ యాప్: పెట్టేటప్పుడే చూసుకోవాల్సినవి

నమస్తే అండి, డాలస్ నుంచి. ఇండియా వెళ్ళినప్పుడు అమ్మానాన్నల ఫోన్‌లో సిగ్నల్ (వాట్సాప్ లాంటి మెసేజింగ్ యాప్) పెట్టి, సరిచేసి వచ్చేవాళ్ళ కోసం ఈ వీడియో.

2009లో మొదలైన వాట్సాప్‌లో ఒకప్పుడు మాట్లాడుకోవడమే ప్రధానంగా ఉండేది. ఇప్పుడు స్టేటస్‌లు, ఛానెళ్ళు, ఏఐ బటన్. 2025లో అప్‌డేట్స్ ట్యాబ్‌లోకి ప్రకటనలూ వచ్చాయి. పెద్దవాళ్ళ వేలు పొరపాటున ఎక్కడ తగిలినా ఇంకో తెర తెరుచుకుంటుంది. సిగ్నల్ తెరిస్తే చాట్‌లే కనిపిస్తాయి. వాట్సాప్ పెట్టిన ఇద్దరిలో ఒకరైన బ్రయాన్ యాక్టన్ 2018లో 5 కోట్ల డాలర్లతో సిగ్నల్ ఫౌండేషన్‌కి అండగా నిలిచారు. లాభాపేక్ష లేని సంస్థ, విరాళాలతో నడుస్తుంది కాబట్టి ప్రకటనల అవసరమే లేదు.

ఇన్‌స్టాల్ చేశాక సిగ్నల్ సెట్టింగ్స్‌లో స్టోరీస్ (వాట్సాప్ స్టేటస్ లాంటివి) ఆపేయండి, కింద ఆ ట్యాబే పోతుంది. నోటిఫికేషన్స్‌లో 'ఎవరో సిగ్నల్‌లో చేరారు' అనేదీ ఆపండి. సిగ్నల్‌కి పెట్టుకున్న పిన్ కాగితం మీద రాసిపెట్టి, అకౌంట్‌లో పిన్ రిమైండర్లు తీసేయండి. లేకపోతే ఉన్నట్టుండి పిన్ అడుగుతుంది, అమ్మ ఏటీఎం పిన్ కొడుతుంది. అక్షరాల సైజు అప్పియరెన్స్‌లో పెంచొచ్చు.

అసలు చిక్కు ఫోన్ మోగకపోవడం. షావోమీ, వివో, ఒప్పో ఫోన్లు బ్యాటరీ మిగల్చడానికి వెనక నడిచే యాప్‌లని ఆపేస్తాయి. కాల్ వచ్చినా రింగ్ ఉండదు, యాప్ తెరిచాకే మిస్డ్ కాల్ కనిపిస్తుంది. ఫోన్ సెట్టింగ్స్‌లో సిగ్నల్‌కి ఆటోస్టార్ట్ ఆన్ చేసి, బ్యాటరీలో నో రిస్ట్రిక్షన్స్ పెట్టండి. పక్కనే కూర్చుని కాల్ చేస్తే సరిపోదండీ. తెర ఆపి, ఓ గంట వదిలేసి, వేరే గదిలోంచి చేసి చూడండి.

సిమ్ సంగతీ చెప్పాలి. కొత్త ఫోన్‌లో సిగ్నల్ పెట్టాలంటే అదే నంబర్‌కి ఓటీపీ రావాలి, అందుకే నాన్న నంబర్ రీఛార్జ్ తప్పనివ్వకండి. పాత మెసేజ్‌లు ఫోన్‌లోనే ఉంటాయి. బ్యాకప్ పెట్టకుండా ఫోన్ పోతే మనవరాలి ఫొటోలన్నీ పోయినట్టే. ఆండ్రాయిడ్‌లో ఫోన్‌లోకే బ్యాకప్ తీసుకుంటే దాన్ని మళ్ళీ తెరవడానికి పొడవాటి రహస్య కోడ్ ఒకటి ఇస్తుంది, అదీ పిన్ రాసిన కాగితం మీదే రాయండి. ఆ బ్యాకప్ ఫైల్‌ని అప్పుడప్పుడూ వేరేచోట కాపీ చేయించండి.

ఇక మన వైపు. వేసవిలో ఇక్కడ సాయంత్రం ఆరంటే అక్కడ తెల్లవారుజామున నాలుగున్నర. ఆండ్రాయిడ్‌లో సెండ్ బటన్ నొక్కిపట్టుకుంటే టైమ్ పెట్టొచ్చు: ఇక్కడి రాత్రి ఎనిమిదిన్నర పెడితే వాళ్ళకి ఉదయం ఏడింటికి చేరుతుంది. నవంబర్‌లో గడియారం మారాక రాత్రి ఏడున్నర పెట్టండి. ఆ సమయానికి మన ఫోన్‌లో నెట్ ఉండాలి సుమా, లేకపోతే మెసేజ్ కదలదు.