గేర్‌బాక్స్ దించే ముందు ఆ కేబుల్ చూడండి

అందరికీ నమస్కారం. ఆదివారం పూట ఇంటి పనులు పక్కనపెట్టి ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. మన డాలస్ వాళ్లలో కొందరి దగ్గర పాత షెవర్లే పికప్‌లు ఉన్నాయి. అందుకే ఇవాళ ఒక్క గేర్‌బాక్స్ గురించే మాట్లాడతాను. జనరల్ మోటార్స్ వాళ్ల 700ఆర్4.

ఇది 1982 మోడల్ బళ్లతో వచ్చింది. నాలుగు గేర్ల ఆటోమేటిక్. మొదటి గేరు నిష్పత్తి 3.06, అంటే ఇంజిన్ 3.06 చుట్లు తిరిగితే చక్రాల వైపు షాఫ్ట్ ఒక చుట్టు తిరుగుతుంది, అందుకే బరువు వేసినా బండి గట్టిగా లాగుతుంది. నాలుగోది 0.70, హైవే మీద ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంది. ఇందులో గేర్లు మార్చేది కంప్యూటర్ కాదు, ఆయిల్ ప్రెషర్. మీరు ఆక్సిలరేటర్ ఎంత తొక్కారో గేర్‌బాక్స్‌కు చెప్పేది ఒకే ఒక్క కేబుల్. దాన్ని టీవీ కేబుల్ అంటారు, థ్రాటిల్ వాల్వ్ కేబుల్ అన్నమాట.

ఓవర్‌టేక్ చేసేటప్పుడు కింది గేరు పడటానికే ఆ కేబుల్ ఉందని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. అసలు సంగతి ఏమిటంటే, లోపల క్లచ్ ప్లేట్లను నొక్కిపట్టే ప్రెషర్ కూడా దాని మీదే ఆధారపడి ఉంటుంది. కేబుల్ వదులైతే ప్రెషర్ చాలదు. ప్లేట్లు జారతాయి, వేడెక్కుతాయి, మాడిపోతాయి. సాధారణంగా ముందు పోయేది 3-4 క్లచ్, అంటే మూడు, నాలుగు గేర్లకు పనిచేసే ప్లేట్లు.

నా బండి 1989 మోడల్, 5.7 లీటర్ల ఇంజిన్. కొన్న కొత్తలో గేర్లు ఎంత మెత్తగా మారుతున్నాయో అని మురిసిపోయాను. ఆ మెత్తదనమే జబ్బు అని తెలియదు. నాలుగు నెలలు ట్రెయిలర్ కట్టి తిప్పాను. ఒకరోజు మూడో గేరులో ఇంజిన్ రేజ్ అవుతోంది కానీ బండి కదలడం లేదు. అప్పుడు హుడ్ ఎత్తి చూస్తే కేబుల్ వేలాడుతోంది. సరిచేయడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. కానీ ప్లేట్లు అప్పటికే మాడిపోయాయి. మీకు అలా జరగకూడదనే ఈ మాటలు.

సెట్ చేసే పద్ధతి చెబుతాను. ఇంజిన్ ఆపేయండి. థ్రాటిల్ దగ్గర కేబుల్ మీద చిన్న లాక్ ఉంటుంది. దాన్ని నొక్కిపట్టి స్లైడర్‌ను థ్రాటిల్ నుంచి వెనక్కి, ఆగేదాకా నెట్టండి. లాక్ వదిలేసి థ్రాటిల్ లీవర్‌ను చేత్తో పూర్తిగా తిప్పండి. స్లైడర్ టకటకమంటూ తన చోటికి తనే వస్తుంది. తర్వాత నడిపి చూడండి. గేర్లు మరీ తొందరగా, మెత్తగా పడితే ఇంకా వదులే. ఆలస్యంగా, దెబ్బ కొట్టినట్టు పడితే బిగువు ఎక్కువ.

ఆయిల్ ఎప్పుడూ బండి వేడెక్కాక, చదునైన చోట, పార్క్‌లో ఇంజిన్ నడుస్తుండగానే చూడాలి. ఎర్రగా ఉంటే మంచిది. నల్లబడి మాడు వాసన వస్తే ప్లేట్లు పోతున్నట్టే, కొత్త ఆయిల్ పోసినంత మాత్రాన అవి బాగుపడవు. గులాబీ రంగు పాలలా ఉంటే రేడియేటర్‌లోని కూలర్ పగిలి నీళ్లు కలిశాయి. ఆ బండిని ఇంకో మైలు కూడా నడపకండి. గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే పాన్ దించినప్పుడు అందులోని అయస్కాంతం మీద బూడిదరంగు మెత్తటి పేస్టు కనిపిస్తే భయం లేదు. లోహపు ముక్కలు, నల్లటి పొర కనిపిస్తే మాత్రం లోపల విప్పక తప్పదు.

ఏ గేరు పోయిందన్నది జాగ్రత్తగా రాసుకోండి, సగం జవాబు అక్కడే ఉంటుంది. రెండు, నాలుగు లేకపోతే 2-4 బ్యాండ్, అంటే ఆ గేర్లలో డ్రమ్మును బిగించి పట్టే పట్టీ, లేదా దాన్ని బిగించే పిస్టన్ అయిన సర్వో. మూడు, నాలుగు లేకపోతే 3-4 క్లచ్. మొదటి గేరులోనే ఉండిపోతే గవర్నర్ చూడండి, బండి వేగాన్ని గేర్‌బాక్స్‌కు తెలిపేది అదే. సిగ్నల్ దగ్గర ఆగగానే ఇంజిన్ ఆగిపోతుంటే కన్వర్టర్ లాకప్ వదలడం లేదేమో. కన్వర్టర్ అంటే ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించేది, లాకప్ ఆ రెంటినీ నేరుగా కలిపేస్తుంది. గేర్‌బాక్స్ పక్కనున్న వైరు కనెక్టర్ పీకి నడపండి. అప్పుడు బాగుంటే తప్పు కరెంటు వైపు. ఇవేవీ చూడకుండా "గేర్‌బాక్స్ మార్చాలి" అనే మెకానిక్ మాట నేను వినను. కనీసం ప్రెషర్ గేజ్ పెట్టి చూశారా అని అడగండి.

విప్పాల్సి వస్తే తొందరపడకండి. కన్వర్టర్‌తో కలిపి అది ఎనభై కిలోలు దాటుతుంది. ఒట్టి జాక్‌ను నమ్మి బండి కిందకు దూరకండి, స్టాండ్లు పెట్టండి. పాతబళ్లలో క్లచ్ ప్లేట్లను నొక్కే పిస్టన్ల రబ్బరు సీళ్లు గట్టిపడి ఉంటాయి, అన్నీ మార్చండి. కొత్త ప్లేట్లను ఆయిల్‌లో నానబెట్టాకే బిగించండి. నూలుపోగులు రాలే గుడ్డతో తుడవకండి, ఒక్క పోగు చాలు వాల్వ్ ఇరుక్కోవడానికి. క్లచ్ మాడి ఉంటే కన్వర్టర్ మార్చండి, కూలర్ కడగండి. లేకపోతే ఆ పాత మసి కొత్త ప్లేట్ల మీదకే వస్తుంది.

ఎక్కించేటప్పుడు కన్వర్టర్‌ను తిప్పుతూ లోపలికి నెట్టండి, గేర్‌బాక్స్ ముందున్న ఆయిల్ పంపులో పూర్తిగా కూర్చోవాలి. గేర్‌బాక్స్ కేసు ఇంజిన్‌కు చేత్తోనే ఆనాలి. బోల్టులు బిగించి లాగాల్సి వస్తోందంటే కన్వర్టర్ కూర్చోలేదు, అక్కడే ఆపండి. అలాగే బిగిస్తే పంపు పగులుతుంది.

పూర్తిగా విప్పిన బాక్సుకు పదకొండున్నర క్వార్టుల దాకా ఆయిల్ పడుతుంది, క్వార్టు అంటే లీటరుకు కాస్త తక్కువ. పాన్ మాత్రమే దించితే ఐదు. నా బండి బయట స్టాండ్ల మీదే ఉంది. రండి, పాన్ దించి చూపిస్తాను, కేబుల్ మీరే సెట్ చేద్దురుగాని.